గోపుర గడియారం వయసు యంత్రాన్ని చూసి పోల్చడం ఎలా?

#1 పాత_ఇనుము

గోపుర గడియారం ఎప్పటిదని అడిగితే చాలామంది డయల్ మీదున్న సంవత్సరం చదివి చెప్పేస్తారు. ఆ అంకె భవనానిది కావచ్చు, ఎవరో డయల్‌కి రంగు వేయించిన ఏడాదిదీ కావచ్చు. డయల్, ముళ్ళు ఎండకీ వానకీ పాడై మారిపోతూనే ఉంటాయి. వయసు అడగాల్సింది లోపలి యంత్రాన్ని. నేను చూసే వరస రాస్తున్నాను, తప్పులుంటే దిద్దండి.

మొదట చట్రం. నాలుగు మూలల్లో నాలుగు నిలువు కమ్మీలు, పైనా కిందా అడ్డ కమ్మీలు, మొత్తం పక్షి బోనులా ఉంటే అది పాత పద్ధతి. చేత ఇనుముతో కొలిమిలో చేసినది. అందులోనూ అడ్డ కమ్మీ కొస నిలువు కమ్మీ బెజ్జంలో కుసిలా దూరి, బయట ఇనుప సీల కొట్టి బిగించి ఉంటే ఇంకా పాతది. మరలు, నట్లతో బిగించిన బోనులు 17వ శతాబ్దం చివరి నుంచి ఎక్కువగా కనబడతాయి. పోత ఇనుప చట్రం ఉంటే దాదాపు 19వ శతాబ్దమే. ఇక బల్లలా పరిచిన పోత ఇనుప పీఠం మీద ఏ చక్రానికాచక్రం విడిగా ఊడదీసుకునేలా అమర్చి ఉంటే అది 19వ శతాబ్దం మధ్య నుంచి వచ్చిన పద్ధతి. ఫ్రాన్స్‌లో మొదలై ఇంగ్లాండుకు పాకింది.

రెండోది అమరిక. కాలం నడిపే చక్రాలు, గంట కొట్టే చక్రాలు ఒకదాని వెనక ఒకటి, రైలు పెట్టెల్లా ఉంటే పాతది. పక్కపక్కనే ఉంటే లోలకం వచ్చిన తర్వాతి ఆలోచన.

మూడోది తాడు చుట్టే డ్రమ్ము. లావుపాటి చెక్క డ్రమ్ము ఉంటే జనపనార మోకు కాలం. ఉక్కు తీగల తాడు 1834లో జర్మనీ గనుల్లో పుట్టింది. దాని తర్వాతే సన్నటి, పొడవాటి ఇనుప డ్రమ్ములు వచ్చాయి. పాత యంత్రానికి కొత్త డ్రమ్ము వేసిన సందర్భాలు బోలెడు, కాబట్టి దీన్ని ఒంటరి సాక్ష్యంగా నమ్మకండి.

#2 రెండు_సెకన్ల_లోలకం

వరస బాగుంది. ఒకటి కలుపుతాను. చట్రం పాతదైనంత మాత్రాన లోపలున్న ఎస్కేప్‌మెంట్, అంటే చక్రాలను ఒక్కో పన్ను చొప్పున ఆపి వదిలే భాగం, పాతది కాదు. 1656లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ లోలకాన్ని గడియారానికి తగిలించాక, తర్వాతి యాభై అరవై ఏళ్ళలో యూరప్‌లోని పాత గోపుర గడియారాలు చాలావరకు లోలకానికి మారిపోయాయి. మార్చినవాళ్ళు పాత యంత్రాన్ని పారేయలేదు. పైభాగం కోసి, కొత్త ముక్క అతికించారు.

మార్పు జరిగిందని చెప్పే గుర్తులు ఇవి:

చట్రం పైకమ్మీలో ఏ పనీ లేని బెజ్జాలు, వాటిలో కొన్ని ఇనుప బిరడాలతో మూసి ఉండడం. అక్కడ ఒకప్పుడు ఫోలియట్ వేలాడేది. ఫోలియట్ అంటే రెండు కొసల్లో చిన్న బరువులు తగిలించిన అడ్డ కడ్డీ. అటూ ఇటూ తిరుగుతూ చక్రాన్ని ఒక్కో పన్నే వదిలేది.

ఒకే యంత్రంలో రెండు రకాల చేతిపని. కింది చక్రాల చువ్వలు మోటుగా, పై చక్రానివి సన్నగా ఉంటే పై చక్రం తర్వాత వచ్చింది.

ఎస్కేప్ చక్రం పళ్ళ సంఖ్య. ఫోలియట్ కాలం నాటి వెర్జ్ పద్ధతిలో చక్రానికి బేసి సంఖ్యలోనే పళ్ళుండాలి, ఎందుకంటే పళ్ళను ఆపే రెండు రేకుల్లో ఒకటి ఒక పన్నును వదిలినప్పుడు ఎదురుగా ఉన్న రేకు రెండు పళ్ళ మధ్యలోకి రావాలి. లోలకంతో వాడే తర్వాతి యాంకర్ పద్ధతిలో ఆ నియమం లేదు, 30 పళ్ళు మామూలు. లెక్కపెట్టడానికి రెండు నిమిషాలు పట్టదు, అయినా ఎవరూ లెక్కపెట్టరు.

సాల్స్‌బరీ కెథడ్రల్ గడియారం దీనికి మంచి ఉదాహరణ. 1386 నాటిదంటారు. డయల్ లేదు, గంట మాత్రమే కొట్టేది. 17వ శతాబ్దం చివర్లో లోలకానికి మార్చారు. 1956లో ఆ లోలకం తీసేసి మళ్ళీ ఫోలియట్ పెట్టారు. అంటే ఇవాళ కనబడే ఫోలియట్ 1956ది, చట్రం మధ్యయుగానిది. ఆ 1386 కూడా యంత్రం మీద చెక్కింది కాదు, ఒక పాత పత్రంలో గడియారం ప్రస్తావన ఉన్న ఏడాది. ఆ పత్రంలోది, ఈ యంత్రం ఒకటేనా అని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

#3 కొత్త_చక్రం

అడగవచ్చో లేదో కానీ అడుగుతున్నాను. లేత్ లేదు, గేర్లు కోసే యంత్రం లేదు. ఒక మీటరు వ్యాసం ఉన్న ఇనుప చక్రానికి వంద పళ్ళు సమానంగా ఎలా వేశారండీ?

#4 కొలిమి_దాగలి

సమానంగా వేయలేదు, అదే జవాబు :) పనికి సరిపోయేంత సమానంగా వేశారు.

పద్ధతి ఇది. చదరపు ఇనుప కడ్డీని ఎర్రగా కాల్చి గుండ్రంగా వంచుతారు. రెండు కొసలనూ ఏటవాలుగా పలచన చేసి, ఒకదాని మీద ఒకటి వేసి, తెల్లగా మెరిసే వేడి వచ్చాక సుత్తితో కొట్టి కలుపుతారు. అది చక్రం అంచు. నాలుగు చువ్వలు విడిగా చేసి, వాటి కుసులు అంచులోని బెజ్జాల్లో దూర్చి బయట రివిట్‌లా చదును చేస్తారు. అతుకు ఎక్కడుందో చూడాలంటే అంచును పక్క వెలుతురులో తిప్పండి, ఒకచోట ఏటవాలు గీత కనబడుతుంది.

పళ్ళకు ముందు అంచు మీద కంపాసుతో ఒక వృత్తం గీస్తారు. దాన్ని కంపాసుతోనే ముందు పెద్ద భాగాలుగా, తర్వాత చిన్న భాగాలుగా పంచుతారు. అందుకే పాత చక్రాల్లో 64, 72, 96 లాంటి సంఖ్యలు ఎక్కువ. సగాలుగా, మూడో వంతులుగా విడగొట్టడం తేలిక. 78 లాంటి సంఖ్య వచ్చిందంటే 13తో పంచక తప్పదు, అక్కడ కంపాసును ఒకటికి పదిసార్లు సరిచూసుకుంటూ నడిపించాలి. ప్రతి భాగం దగ్గర పంచ్‌తో చుక్క పెట్టి, రంపంతో గాడి కోసి, ఆకురాయితో ఆకారం తెస్తారు. ఆ చుక్కలు చాలా చక్రాల మీద ఇంకా ఉంటాయి. అవి కనబడితే చేతిపని అని చెప్పేయవచ్చు.

పినియన్ల, అంటే పెద్ద చక్రంతో కలిసి తిరిగే చిన్న పళ్ళ చక్రాల సంగతి వేరు. 8 పళ్ళ పినియన్‌ని ఇనుప కడ్డీలోంచి ఆకురాయితో తీయడం నరకం. అందుకని చాలాచోట్ల లాంతరు పినియన్ చేశారు. రెండు బిళ్ళల మధ్య గుండ్రటి కడ్డీ ముక్కలు గుచ్చితే సరి. అరిగితే ఆ కడ్డీ ఒక్కటే మార్చవచ్చు. చక్రం పన్ను కాస్త అటూ ఇటూ ఉన్నా లాంతరు పినియన్ సర్దుకుంటుంది, ఉక్కు పినియన్ పట్టేస్తుంది.

ఇనుము ఒక్కటే అనుకోకండి. జాన్ హారిసన్ 1722లో ఇంగ్లాండులోని బ్రాకల్స్‌బీ పార్క్ గుర్రపుశాల గోపురానికి చేసిన గడియారం చక్రాలు ఓక్ చెక్కవి. ఇరుసులు తిరిగేచోట లిగ్నమ్ వైటే అనే నూనె చెక్క వేశాడు. దానికి నూనె పోయాల్సిన పనే లేదు.

#5 పన్నెండు_దెబ్బలు

పైన 78 మాట వచ్చింది కాబట్టి నా వంతు. 1 నుంచి 12 దాకా కూడితే 78. పన్నెండు గంటల్లో గడియారం కొట్టే దెబ్బలు అన్ని. పాత గోపుర గడియారాల్లో దెబ్బలు లెక్కపెట్టే చక్రం ఒకటుంటుంది. దాని అంచు మీద ఎడం పెరుగుతూ పోయే గాళ్ళుంటాయి. మీట గాడిలో పడితే గంట ఆగుతుంది, గాళ్ళ మధ్య అంచు మీద జారుతున్నంతసేపూ కొడుతుంది.

ఇక్కడ చరిత్ర నేరుగా బరువు దగ్గరికి వస్తుంది. మిలాన్‌లో సాన్ గొత్తార్దో గోపురం గడియారం 1336లోనే 24 గంటలూ వరసగా, అంటే 1 నుంచి 24 దాకా కొట్టేది. రోజుకి 300 దెబ్బలు. పన్నెండేసి చొప్పున రెండుసార్లు కొడితే 156 చాలు. ఇటలీలోనే తర్వాత ఆరు గంటల పద్ధతి వచ్చింది, 1 నుంచి 6 దాకా రోజుకు నాలుగుసార్లు, మొత్తం 84.

లెక్క వేసి చూడండి. డ్రమ్ము వ్యాసం 30 సెంటీమీటర్లు అనుకుందాం. పెద్ద చక్రం మీద సుత్తి లేపే మేకులు 13, అంటే చుట్టుకి 13 దెబ్బలు. ఒక చుట్టుకి తాడు 94 సెంటీమీటర్లు జారుతుంది.

156 దెబ్బలకు 12 చుట్లు, 11.3 మీటర్లు.
300 దెబ్బలకు 23 చుట్లు, 21.7 మీటర్లు.
84 దెబ్బలకు ఆరున్నర చుట్లు, 6.1 మీటర్లు.

ఇరవై రెండు మీటర్ల ఖాళీ ఎన్ని గోపురాల్లో ఉంటుంది? కప్పీ వేసి తాడు రెండు మడతలు చేస్తే జారే దూరం సగం అవుతుంది, కానీ బరువు రెట్టింపు కావాలి. 200 కిలోల చోట 400. ఆ 400 కిలోలనూ రోజూ ఒక మనిషి పైకి చుట్టాలి. 24 గంటల లెక్క పోయి 12 నిలవడానికి జనం అన్ని దెబ్బలు లెక్కపెట్టలేకపోవడం ఒక కారణమైతే, ఈ చాకిరీ ఇంకో కారణమని నా అభిప్రాయం.

ఫ్రెంచి గడియారాలు అరగంటకు ఒక దెబ్బ కలుపుతాయి కాబట్టి అక్కడ లెక్క చక్రం మీద 78 కాక 90 భాగాలుంటాయి. కొన్ని అయితే రెండు నిమిషాల తర్వాత అదే గంటను మళ్ళీ కొడతాయి. పొలంలో ఉన్నవాడు మొదటిసారి లెక్క తప్పితే రెండోసారి సరిచూసుకోవడానికి.

#6 కొత్త_చక్రం

లెక్క చక్రం ఉన్న గడియారం ముల్లు 4 చూపిస్తూ 7 కొడుతుంటే ఏం చేయాలి? ముల్లు తిప్పితే సరవుతుందా?

#7 పన్నెండు_దెబ్బలు

కాదు. ముల్లు ఎన్నిసార్లు తిప్పినా తేడా అలాగే ఉంటుంది, ఎందుకంటే లెక్క చక్రానికి ముల్లు ఎక్కడుందో తెలియదు. దానికి తెలిసింది తర్వాతి గాడి ఒక్కటే. గంట విడిచే మీటను చేత్తో లేపండి, 8 కొడుతుంది. ఆగాక మళ్ళీ లేపండి, 9. అలా 10, 11, 12, 1, 2, 3, 4 దాకా తీసుకురండి. పక్కన ఉన్నవాళ్ళకు ముందే చెప్పండి, మొత్తం 60 దెబ్బలు మోగుతాయి.

ఇలా తేడా రావడానికి మూల కారణం గంట బరువు కిందికి చేరిపోయి, కాలం నడిపే బరువు ఇంకా నడుస్తూ ఉండడం. రెండూ ఒకేసారి చుట్టే అలవాటు లేనిచోట ఇది తప్పదు.

ఇంకోటి. గంటకు కొన్ని నిమిషాల ముందు యంత్రం టక్కుమంటుంది. మీట సగం లేచి సిద్ధంగా ఉందన్నమాట. ఆ టక్కు తర్వాత ముల్లును వెనక్కి తిప్పవద్దు. మీట వంగుతుంది, లేదా మేకు విరుగుతుంది.

#8 రెండు_సెకన్ల_లోలకం

లోలకం దగ్గరికి వస్తాను, చరిత్రలో అసలు మలుపు అదే. ఫోలియట్‌కి సొంత లయ లేదు. బరువు ఎంత లాగితే అంత వేగం. చలికి నూనె చిక్కబడితే మందగిస్తుంది. రోజుకి పావుగంట తేడా మామూలే, అందుకే ఆ కాలపు డయల్‌కి గంటల ముల్లు ఒక్కటే ఉండేది. నిమిషాలు చూపించినా నమ్మేవాడు లేడు. యాంకర్ ఎస్కేప్‌మెంట్, పొడుగు లోలకం కలిశాక తేడా రోజుకి సెకన్లలోకి దిగింది. నిమిషాల ముల్లు అప్పుడు అర్థవంతమైంది.

పొడుగు ఎంత అంటే, ఒక్క ఊపుకి

1 సెకను కావాలంటే 0.994 మీటరు
1.25 సెకన్లకు 1.55 మీటర్లు
1.5 సెకన్లకు 2.24 మీటర్లు
2 సెకన్లకు 3.98 మీటర్లు

ఇవి సిద్ధాంతం ప్రకారం. కడ్డీకి కూడా బరువుంటుంది కాబట్టి అసలు కొలత కాస్త మారుతుంది.

ఉక్కు కడ్డీ అయితే 10 డిగ్రీల వేడి పెరిగితే రోజుకి సుమారు 5 సెకన్లు వెనకబడుతుంది. గోపురంలో పగలు రాత్రి తేడాయే అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. బాగా ఎండిన చెక్క కడ్డీ 2 సెకన్ల దగ్గర ఆగుతుంది. అందుకే చెక్క కడ్డీని చూసి చవకబారు పని అనుకోకండి, అది తెలివైన పని. వార్నిష్ మాత్రం పగలకుండా చూసుకోవాలి, తేమ పీలిస్తే లాభమంతా పోతుంది. వేడికి దాదాపు సాగని ఇన్వార్ కడ్డీ కనబడితే 1896 తర్వాతిదని తేల్చేయండి, ఆ మిశ్రమ లోహాన్ని గియోమ్ కనిపెట్టింది అప్పుడే.

#9 నిమిషాల_ముల్లు

లోలకం గురించి రాసేవాళ్ళు పదిమంది ఉంటారు, ముళ్ళ గురించి రాసేవాడు ఒకడూ ఉండడు. గోపుర గడియారం ఆగిపోయిందంటే నూటికి సగం సార్లు తప్పు గడియారానిది కాదు, బయట వానలో తడుస్తున్న ముళ్ళది.

ఒక గుర్తు చెబుతాను. గడియారం ఎప్పుడు ఆగినా నిమిషాల ముల్లు 40కీ 50కీ మధ్యే ఉంటే ముల్లు బరువెక్కింది. 30 నుంచి 60 దాకా ముల్లు పైకి ఎక్కుతుంది, అందులో 45 దగ్గర అడ్డంగా ఉన్నప్పుడు లాగుడు అత్యధికం. 1.5 మీటర్ల ముల్లు 4 కిలోలుండి, దాని గురుత్వ కేంద్రం ఇరుసుకి అర మీటరు దూరంలో ఉంటే, అడ్డంగా ఉన్నప్పుడు అర మీటరు చేతికి 4 కిలోలు వేలాడదీసినట్టే. నాలుగు డయల్స్ ఉంటే నాలుగు ముళ్ళూ ఒకేసారి ఎక్కుతాయి, మొత్తం 16 కిలోలు. దీన్ని సరితూచడానికి డయల్ వెనక, ముల్లు ఇరుసుకే ఎదురు తూకం బిగిస్తారు. పావు మీటరు చేయి అయితే డయల్‌కి 8 కిలోలు. రంగు మీద రంగు వేసుకుంటూ పోయినా, బోలు ముల్లులోకి నీరు చేరినా ఈ లెక్క చెడుతుంది.

15 దగ్గర ఆగితే? అప్పుడు ఎదురు తూకమే ఎక్కువైంది.

ఎక్కడ పడితే అక్కడ ఆగుతుంటే తిరిగే దిక్కు మార్చే బెవెల్ గేర్లు చూడండి. మధ్యలో ఒక బెవెల్ గేరు నాలుగు దిక్కులకూ నాలుగు కడ్డీలు తిప్పుతుంది, ప్రతి డయల్ వెనక 12కి 1 చొప్పున తగ్గించే చక్రాలు గంటల ముల్లును తిప్పుతాయి. ఒక్కో డయల్‌ను విడదీస్తూ పోతే ఏ దిక్కు కడ్డీ బిగిసిందో తెలిసిపోతుంది. పావురాలు కట్టిన గూడు, తుప్పు పట్టిన బయటి గొట్టం, కుంగిన చెక్క దూలం వల్ల వంగిన కడ్డీ. ఈ మూడే ఎక్కువ.

లండన్ వెస్ట్‌మినిస్టర్‌లో పార్లమెంటు గోపురం గడియారానికి మొదట వేసిన నిమిషాల ముళ్ళు పోత ఇనుమువి. యంత్రం వాటిని మోయలేకపోయింది. తర్వాత 4.2 మీటర్ల బోలు రాగి ముళ్ళు వేశారు. ప్రపంచంలో పేరు మోసిన గడియారమే ముల్లు బరువు దగ్గర తప్పు చేసిందంటే మిగతావాటి సంగతి చెప్పక్కర్లేదు. 1949 ఆగస్టులో అదే ముల్లు మీద గోరింకలు గుంపుగా వాలి నాలుగున్నర నిమిషాలు వెనక్కి లాగాయి.

#10 రెండు_సెకన్ల_లోలకం

@నిమిషాల_ముల్లు గారూ, ఒప్పుకున్నాను. నిజానికి గ్రావిటీ ఎస్కేప్‌మెంట్ పుట్టింది మీ ముళ్ళ బాధ పడలేకే.

మామూలు ఎస్కేప్‌మెంట్‌లో చక్రమే లోలకాన్ని తోస్తుంది. గాలి ముల్లును వెనక్కి తోస్తే చక్రానికి బలం తగ్గుతుంది, లోలకం ఊపు తగ్గుతుంది. ఊపు మారితే కాలం మారుతుంది. లోలకం మధ్య నుంచి ఒకవైపుకు 2 డిగ్రీలు ఊగితే, అతి చిన్న ఊపుతో పోలిస్తే రోజుకి 6.6 సెకన్లు వెనకబడుతుంది. 3 డిగ్రీలు ఊగితే 14.8. అంటే ఒక్క డిగ్రీ తేడాకే రోజుకి 8 సెకన్లు పోయాయి.

వెస్ట్‌మినిస్టర్ గడియారానికి ఆస్థాన ఖగోళవేత్త జార్జ్ ఎయిరీ పెట్టిన షరతు, గంట మొదటి దెబ్బ ఒక్క సెకను లోపు సరిగా ఉండాలని. సాధ్యం కాదని పేరున్న గడియారాల నిపుణుడు వల్లియామీ తేల్చేశాడు. నమూనా గీసిన ఎడ్మండ్ డెనిసన్ వృత్తికి లాయరు. యంత్రాన్ని డెంట్ కంపెనీ 1854లో పూర్తి చేసింది, గోపురం మాత్రం 1859 దాకా సిద్ధం కాలేదు. మధ్యలో దొరికిన ఆ అయిదేళ్ళలో డెనిసన్ ఎస్కేప్‌మెంట్ మార్చి మార్చి చివరికి మూడేసి కాళ్ళున్న జంట చక్రం పద్ధతి దగ్గర ఆగాడు. అందులో చక్రం చేసే పని ఒక చిన్న చేతిని పైకి లేపడమే. లోలకాన్ని తోసేది ఆ చేయి కిందికి దిగేటప్పటి సొంత బరువు. గాలి ఎంత వీచినా ఆ చేయి బరువు మారదు కదా. 1859 మే 31న గడియారం మొదలైంది.

#11 పాత_ఇనుము

గ్రావిటీ ఎస్కేప్‌మెంట్ అంటే మహత్యం అనుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. కాళ్ళు ఆగే చోట ఉన్న దిమ్మె అరిగినా, ఆ ఇరుసు మీదున్న గాలి రెక్క వదులైనా, చక్రం ఒక్కోసారి ఆగాల్సిన చోట ఆగక జారిపోతుంది. ఒక్కో జారుడుకి కాలం ముందుకు దూకుతుంది. గడియారం వారానికి ఒకటి రెండు నిమిషాలు ముందుకు పోతూ, లోలకం పొడవు సర్దినా ఫలితం లేకపోతే ముందు ఆ రెక్కను చూడండి. లోలకం నట్టు తిప్పుకుంటూ కూర్చోవద్దు.

#12 పన్నెండు_దెబ్బలు

రెక్క మాట వచ్చింది కాబట్టి గంట కొట్టే వైపు రెక్క గురించి కూడా. ఇది దెబ్బల మధ్య వేగాన్ని గాలి ఒత్తిడితో పట్టి ఉంచుతుంది. రెక్కను ఇరుసుకి గట్టిగా బిగించరు. ఒకవైపు మాత్రమే పట్టే రాట్చెట్ ఉంటుంది. గంట ఆగినప్పుడు చక్రాలు టక్కున ఆగుతాయి, రెక్క మాత్రం తన ఊపులో కాసేపు తిరిగి ఆగుతుంది. ఆ రాట్చెట్ తుప్పు పట్టి బిగుసుకుందా, రెక్క ఊపంతా ఇరుసు మీద పడుతుంది. రోజూ ఆ కుదుపు.

1976 ఆగస్టు 5 తెల్లవారుజామున వెస్ట్‌మినిస్టర్‌లో పావుగంటలు కొట్టే వైపు జరిగింది రెక్క ఇరుసు విరగడమే. లోహం ఏళ్ళ తరబడి అలిసిపోయి విరిగింది. పట్టు పోయాక టన్నుకు పైగా బరువు అదుపు లేకుండా జారింది, డ్రమ్ము విసురుగా తిరిగింది, పోత ఇనుప చట్రం పగిలింది. పూర్తిగా బాగయి మళ్ళీ మోగింది 1977 మే 9న. రెక్క ఇరుసు చిన్న భాగమే కదా అని వదిలేసేవాళ్ళకు ఇది చెప్పండి.

ఇక సుత్తి. దెబ్బ కొట్టాక సుత్తి గంటకు ఆనుకుని ఉండకూడదు. ఒక స్ప్రింగు దాన్ని కొన్ని మిల్లీమీటర్లు ఎడంగా పట్టి ఉంచాలి. ఆనుకుంటే నాదం చచ్చిపోతుంది, గంట బీటవారే ప్రమాదం కూడా ఉంది. బరువైన సుత్తి అయినా అంతే. వెస్ట్‌మినిస్టర్‌లోని 13.7 టన్నుల పెద్ద గంట బిగ్ బెన్ 1859 సెప్టెంబర్‌లోనే బీటవారింది. తర్వాత గంటను ఎనిమిదో వంతు తిప్పి, బీట లేని చోట దెబ్బ పడేలా చేసి, సుత్తిని సుమారు 200 కిలోలకు తగ్గించారు. అంటే గంట బరువులో ఒకటిన్నర శాతం. ఆ బీట ఇప్పటికీ ఉంది, మనం వినే నాదం బీటతో కలిసిందే.

#13 కొలిమి_దాగలి

వయసు తెలుసుకునే ఉత్సాహంలో ఊడదీయడం మొదలుపెట్టేవాళ్ళ కోసం.

బరువులు వేలాడుతుండగా ఒక్క నట్టు కూడా ముట్టుకోవద్దు. ముందు గంట కొట్టించి కొట్టించి ఆ బరువును నేలకు దింపండి. కాలం నడిపే బరువును డ్రమ్ము వెనక్కి తిప్పుతూ దింపాలి, వీలు లేకపోతే కింద దిమ్మెలు పేర్చి బరువును వాటి మీదికి తేవాలి. తాడు వదులైందని చేత్తో చూశాకే మిగతా పని. బరువులు దిగే గొయ్యి అడుగున ఇసుక బస్తాలు లేకపోతే ముందు అవి వేయించండి.

తర్వాత లోలకం. గుండు వంద కిలోలు దాటడం మామూలు. గుండు కింద చెక్క దిమ్మెలు పెట్టి, బరువు వాటి మీద ఆనాకే పైనున్న స్ప్రింగు పలక విప్పాలి. ఆ పలక పలచన, ఒక్కసారి మడత పడితే తిన్నగా చేసినా లోలకం అడ్డదిడ్డంగా ఊగుతుంది. కొత్తది వేయడమే దారి.

ప్రతి ఇరుసుకీ చీటీ కట్టండి. చేతిపని యంత్రంలో ఒకేలా కనబడే రెండు సీలలు ఒకదాని చోట ఒకటి దూరవు. పాత పనివాళ్ళు జత ముక్కల మీద ఒకటి, రెండు, మూడు అని పంచ్ చుక్కలు కొట్టి ఉంచేవారు, తుప్పు గీకేముందు అవి వెతకండి. రాపిడి బిళ్ళ పెట్టి మెరిపించాక దొరకవు.

#14 కొత్త_చక్రం

నూనె ఎక్కడెక్కడ పోయాలి? చక్రాల పళ్ళకు గ్రీసు రాయడం చాలాచోట్ల కనబడుతుంది.

#15 పాత_ఇనుము

కనబడుతుంది, తప్పు. కాలం నడిపే చక్రాల పళ్ళు పొడిగానే ఉండాలి. పళ్ళకు నూనె రాస్తే గోపురంలోని దుమ్ము దానికి అంటుకుని సానరాయి అవుతుంది. ఇత్తడి మెత్తన, దుమ్ము అందులో గుచ్చుకుని ఉండిపోతుంది. అరిగేది ఎదురుగా ఉన్న గట్టి ఉక్కు పినియన్. ఇత్తడి చక్రం బాగుంది, ఉక్కు పినియన్‌కి గోతులు పడ్డాయి అంటే కారణం ఇదే.

నూనె ఇరుసు కొసలు తిరిగే బెజ్జాలకు ఒక్కో చుక్క, ఎస్కేప్‌మెంట్ రేకులకు తడి తగిలేంత. సుత్తి లేపే మేకులకు, కప్పీ ఇరుసులకు గ్రీసు. స్ప్రింగు పలకకు ఏమీ వద్దు. ఉక్కు తాడును గుడ్డతో పట్టి తుడవండి. గుడ్డ పీచు చిక్కుకుందంటే అక్కడ తీగ తెగింది. రెండు మూడు చోట్ల చిక్కితే తాడు మార్చే సమయం వచ్చినట్టే.

#16 నిమిషాల_ముల్లు

ఒక్క పక్కమాట. ముళ్ళ సంఖ్య చూసి కూడా చరిత్ర చెప్పవచ్చు. బ్రిస్టల్ కార్న్ ఎక్స్ఛేంజ్ గడియారానికి నిమిషాల ముళ్ళు రెండు. ఒకటి గ్రీనిచ్ కాలం, రెండోది దానికి పది నిమిషాలు వెనక నడిచే స్థానిక కాలం. రైళ్ళు లండన్ కాలం తెచ్చాయి, ఊరు తన కాలం వదులుకోలేదు. చట్టం 1880లో గ్రీనిచ్‌నే ఖాయం చేసినా ఆ ముల్లు మాత్రం అక్కడే ఉండిపోయింది.

#17 కొత్త_చక్రం

మోటారుతో బరువు చుట్టించే ఏర్పాటు పెడితే పాత యంత్రానికి హాని ఉంటుందా?

#18 రెండు_సెకన్ల_లోలకం

యంత్రాన్ని కోయకుండా పెడితే లేదు. హైగెన్స్ మొదలు లేని చివర లేని గొలుసు పద్ధతి ఒకటి కనిపెట్టాడు. అందులో చుట్టేటప్పుడు కూడా చక్రం మీద లాగుడు ఆగదు. చాలా మోటారు ఏర్పాట్లు దాని మీదే ఆధారపడ్డాయి. చిన్న బరువు, తక్కువ దూరం, కాసేపటికోసారి మోటారు లేపుతుంది. బరువు గొయ్యిలో టన్నులు వేలాడే ప్రమాదం తప్పుతుంది.

చెడేది స్విచ్చి. పైకి చేరగానే మోటారు ఆపాల్సిన స్విచ్చి అతుక్కుపోతే కప్పీ చట్రాన్ని గుద్దుతుంది. కాబట్టి దానికి కాస్త పైన, వేరే తీగ మీద, రెండో స్విచ్చి తప్పనిసరి. కరెంటు పోయాక గంట వైపు, కాలం వైపు వేర్వేరు సమయాల్లో ఆగుతాయి, అప్పుడు #7లో చెప్పిన పని చేయాల్సిందే.

తీసేసిన పాత బరువులు, కప్పీలు, చుట్టే కీ అన్నీ గోపురంలోనే చీటీ కట్టి ఉంచండి. తుక్కు కింద పోయాక అంత బరువైన పోత ముక్కలు మళ్ళీ ఎవరూ చేయించరు.

#19 పాత_ఇనుము

కాలం సర్దడం గురించి ఎవరూ రాయలేదు. లోలకం కింద నట్టు తిప్పాలంటే లోలకం ఆపాలి, అందుకని చిన్న తేడాలకు అది వాడరు. కడ్డీ మధ్యలో ఒక చిన్న పళ్ళెం ఉంటుంది, దాని మీద బరువు పెడితే గడియారం వేగం పెరుగుతుంది, తీస్తే తగ్గుతుంది. వెస్ట్‌మినిస్టర్‌లో పాత పెన్నీ ఒకటి పెడితే రోజుకి 0.4 సెకను ముందుకు పోతుంది.

మీ గడియారానికి లెక్క కావాలంటే, పళ్ళెం సరిగ్గా కడ్డీ సగంలో ఉన్నప్పుడు, పెట్టిన బరువును లోలకం బరువుతో భాగించి 10,800తో గుణించండి. రోజుకి అన్ని సెకన్లు. గుండు 100 కిలోలైతే 10 గ్రాములకు దాదాపు 1.1 సెకను. బరువును పళ్ళెం మీద వదలకుండా మెల్లగా ఆనించాలి, లోలకం ఊపు చెదరకూడదు. ఒకసారి పెట్టాక కనీసం రెండు రోజులు ఆగి చూసి, అప్పుడు రెండోది పెట్టండి.